మీ అటక ఒక్కసారి చూడొచ్చా?

బ్రోనిక్ మాజుర్ గారిని పెళ్ళికి పిలిచినా, చావుకి పిలిచినా, ఊరికే కాఫీకి పిలిచినా, గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన అడిగే మాట ఒక్కటే. "మీ అటక ఒక్కసారి చూడొచ్చా?"

ఎలా ఉన్నారని అడగరని కాదు. అడుగుతారు. కానీ అడిగేటప్పుడు ఆయన చూపు మన మొహం మీద ఉండదు, మన నెత్తి మీదుగా పైకప్పు మీద ఉంటుంది. ఆయన అడుగుతున్నది మన క్షేమమా, మన వాసాల క్షేమమా అన్న అనుమానం ఆల్డర్ కోర్టులోని ముప్ఫై రెండు ఇళ్ళ వాళ్ళకీ ఉండేది.

ఆల్డర్ కోర్టు అంటే న్యూజెర్సీలో, హైవే పక్కన, ఒకదానికొకటి అతుక్కుని కట్టిన ఇళ్ళ వరుస. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. లోపల ఎవరి కొంప వాళ్ళదే గానీ పైకప్పు మాత్రం అందరిదీ. అందరిదీ కాబట్టి దానికో కమిటీ, కమిటీకో నిబంధనల పుస్తకం, ఆ పుస్తకానికో కార్యదర్శి. ఆ కార్యదర్శిని నేనే. పేరు లోరెట్టా. పొద్దునా మధ్యాహ్నం స్కూలు బస్సు నడిపేదాన్ని, తీరిక దొరికినప్పుడు ఎవరి కుక్క ఎవరి గడ్డిలో ఏం చేసిందో ఉత్తరాలు రాసేదాన్ని. జీతం లేదు, తిట్లు మాత్రం నెలనెలా అందేవి. తొమ్మిదో నంబరు ఇంట్లో నేనూ, మా అమ్మ కొంచెట్టా ఉండేవాళ్ళం.

మాజుర్ గారిది ఇరవై రెండో నంబరు. రిటైరైన వడ్రంగి. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. మనిషి చూస్తే ఎముకలకి తోలు కప్పినట్టుంటారు, పైన మాత్రం మడమల దాకా దిగే ఉన్ని కోటు. జనవరిలో అదే కోటు, జూన్‌లోనూ అదే కోటు. చెమటలు కారుతున్నా విప్పరు. "కోటు ఇలా ఇవ్వండి, తగిలిస్తాను" అంటే చాలు, కొంప మునిగినట్టు రెండు చేతులూ గుండెలకి అదుముకుని వెనక్కి నడుస్తారు.

మా అక్క కూతురు రోజీకి బాప్తిస్మం ఇచ్చినరోజు మా ఇంట్లోనే విందు. మాజుర్ గారు గసగసాల రొట్టె పట్టుకొచ్చారు. బిడ్డని చూసి "ముద్దుగా ఉంది" అన్నారు. ఆ వెంటనే, "అటక ఒక్కసారి..." అన్నారు. అమ్మ విసుక్కుంటూ నిచ్చెన దించింది. ఫాదర్ గారు కళ్ళు మూసుకుని భోజనానికి ముందు ప్రార్థన మొదలుపెట్టారు.

"ప్రభువా, ఈ ఇంటిని..."

టక్. టక్. టక్.

"ప్రభువా, ఈ ఇంటిని దీవించి..."

టక్ టక్ టక్ టక్.

ఫాదర్ గారు ఒక కన్ను తెరిచి పైకి చూశారు. "ఎవరమ్మా పైన?"

"మాజుర్ గారండీ. చెక్క గట్టిగా ఉందో లేదో తట్టి చూస్తారు."

"విందు రోజునా?"

"విందు రోజునే ఎక్కువ చూస్తారండీ."

ఆయన దిగేసరికి సూపు చల్లారిపోయింది. ఎప్పుడూ అంతే. మా అమ్మ బీన్స్ సూపు వేడిగా తాగకపోవడాన్ని తనకు జరిగిన అవమానం కిందే లెక్క వేసుకునేది. "నా సూపు చల్లార్చడానికే పుట్టాడీ మనిషి" అని వంటింట్లో నా చెవిలో కసిగా అంది. ఆ తర్వాత గొంతు ఇంకా తగ్గించి, "లోరీ, నువ్వు గమనించావా? పైకెక్కేటప్పుడు లావుగా ఉంటాడు, దిగేటప్పుడు సన్నగా ఉంటాడు. మన అటకలో ఏం చేస్తున్నాడే?" అంది.

"వ్యాయామం చేస్తున్నాడేమోలే అమ్మా."

"అయితే నన్నూ పంపించు. నాకూ కాస్త తగ్గాలనుంది."

గాలో గారు పోయినప్పుడు మరీ విడ్డూరం జరిగింది. పదిహేడో నంబరులో శవపేటిక పక్కన ఆయన భార్య ఫిలోమెనా గారు మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని ఉంది. మాజుర్ గారు వచ్చారు. ఆవిడ చేతులు పట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చాలా మంచి మనిషమ్మా. నాకు అన్నలాంటివాడు" అన్నారు. అప్పుడాయన కళ్ళు మెల్లగా, ఆయనకే సిగ్గేస్తున్నట్టు, పైకప్పు వైపు వెళ్ళాయి.

ఫిలోమెనా గారు ఆ చూపు చూసింది. ముక్కు తుడుచుకుంది. "నిచ్చెన స్నానాల గది పక్కన ఉంది. వెళ్ళండి, వెళ్ళి చూడండి" అంటూ ఫక్కున నవ్వేసింది. మూడు రోజుల తర్వాత ఆవిడ నవ్విన మొదటి నవ్వు అది. పైన టకటకలు, కింద జపమాల. గాలో గారిని అలా సాగనంపాం.

ఇంతకీ ఆయన బాధేమిటో ఆయన దాచలేదు. దాచకపోవడమే మా పాలిట శిక్ష. ఎక్కడ నలుగురు కూర్చున్నా జేబులోంచి ముదురు గోధుమరంగు చెక్క ముక్క ఒకటి తీసేవారు, ఇంకో జేబులోంచి అగ్గిపెట్టె తీసేవారు. మా భోజనాల బల్ల మీద ఈ ప్రదర్శన కనీసం నాలుగుసార్లు జరిగింది.

"చూడండి. అంటుకుంటుందా? అంటుకోదు!" పుల్ల వేళ్ళ దాకా కాలేది. చెక్క నల్లబడేదే గానీ మంట లేచేది కాదు. ఆ క్షణంలో ఆయన మొహం వెలిగిపోయేది. "మందు పట్టించిన చెక్క! ఒకరింట్లో నిప్పు పుడితే పైకప్పు మీదుగా పక్కింటికి పాకకూడదని గోడకి అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు ఇదే వేశారు. మంట తగిలితే ఈ మందు ఆమ్లంగా మారి చెక్కని బొగ్గు చేసేస్తుంది. ఆ బొగ్గు లోపలికి మంటని రానివ్వదు. గొప్ప తెలివే. కాదన్ను." అప్పుడు అదే ముక్కని బొటనవేలితో నొక్కేవారు. అది పుటుక్కున విరిగి పొడిపొడిగా రాలేది. "కానీ ఇది చూశారా?"

"అదేంటండీ, బిస్కెట్టులా విరిగింది?" అంది అమ్మ మొదటిసారి.

"జూలైలో మీ అటకలోకి ఎప్పుడైనా వెళ్ళారా? పైన నల్లటి తారు పలకలు, కింద గాలాడని చోటు. చెయ్యి పెడితే కాలుతుంది. మందుకి ఎండేదో నిప్పేదో తెలీదు పాపం. నిప్పొచ్చిందనుకుని పని మొదలెట్టేస్తుంది. మంట లేదు, పొగ లేదు. వేసవి వేసవికీ కాస్త కాస్తగా చెక్కని లోపల్లోపలే తినేస్తుంది."

"అంటే, దొంగొస్తాడన్న భయంతో కాపలావాడే సామానంతా పగలగొడుతున్నాడన్నమాట."

"అంతే! కొంచెట్టా గారికి అర్థమైంది!"

"అర్థమైంది. మరి నా సూపులో పడ్డ పొడి ఎవరు తీస్తారు?"

ఆయన మొదట్లో పద్ధతిగానే వెళ్ళారు. ఎనభై అయిదులో కమిటీ ముందుకొచ్చి, "గోడల పక్క చెక్కలన్నీ కింద నుంచి ఆసరా పెట్టి నిలబెట్టాలి. కూలీ అక్కర్లేదు, నేనే కొడతాను" అన్నారు. ఇళ్ళు కట్టించిన కంపెనీ అప్పటికే బోర్డు తిప్పేసింది. మా అధ్యక్షుడు ఆల్విన్ క్రాట్జ్ గారు నిబంధనల పుస్తకం పక్కన లేకుండా నిద్రపోని మనిషి. "ఇళ్ళు కట్టి మూడేళ్ళు కాలేదు. పైకప్పు బలహీనమని మాట పొక్కితే మన ఇళ్ళు కొనేవాడుంటాడా? పదిహేడో నిబంధన ప్రకారం ఓటింగు లేకుండా ఉమ్మడి కప్పుకి ఎవరూ ఒక్క మేకు కొట్టడానికి వీల్లేదు" అన్నారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఊపడమే కాదు, ఆ సంగతి టైపు చేసి, సంతకం పెట్టి, ఇరవై రెండో నంబరు తలుపు సందులోంచి తోసింది కూడా నేనే.

ఆ తర్వాత ఆయన మేకు మాట ఎత్తలేదు. చూడొచ్చా అని మాత్రమే అడిగేవారు. చూడ్డానికి ఏ నిబంధనా అడ్డురాదు కదా.

ఒక్క విషయంలో మాత్రం ఆయన నోరు పెద్దదయ్యేది. ఎవరైనా కప్పు మీదికెక్కితే ఊరుకునేవారు కాదు. మా పక్కింటి డఫీ మంచి ఒళ్ళున్న మనిషి, ప్లంబరు, స్వచ్ఛందంగా మంటలార్పే దళంలో కూడా ఉండేవాడు. ప్రతి డిసెంబరులోనూ క్రిస్మస్ తాతని, ఆరు దుప్పుల్ని కప్పు మీద నిలబెట్టకపోతే అతనికి పండగ కాదు. డఫీ నిచ్చెన వేశాడని తెలిస్తే చాలు, మాజుర్ గారు కోటు ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చేవారు.

"దిగవయ్యా! గోడ పక్కన కాలు పెట్టకు! దిగు!"

"పెద్దాయనా, ఇది నిప్పుకే జడవని చెక్కండీ! నాకు జడుస్తుందా?"

"నిప్పుకి జడవదు. నీ తొంభై అయిదు కిలోలకి జడుస్తుంది!"

"తొంభై రెండే!"

"బూట్లతో కలిపి చెప్పాను. దిగు!"

వీధి వీధంతా బయటికొచ్చి నవ్వేది. మాకదో పండగ వేడుక అయిపోయింది. ఆయన నెత్తీ నోరూ కొట్టుకుంటున్నది నిజంగా భయపడే అని మాకెవరికీ తట్టలేదు. ఇప్పుడు తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది, నా మీదే.

ఎనభై తొమ్మిది ఫిబ్రవరిలో ఒక మంగళవారం తెల్లారేసరికి కప్పుల మీద మోకాలెత్తు మంచు. బస్సులు ఆపేశారు. అమ్మ గుమ్మంలో నిలబడి పైకప్పు వైపు చూసి, "ఏదో కిర్రుమంటోందే" అంది. పక్క వాకిట్లో మంచు తీస్తున్న డఫీ ఆ మాట విన్నాడు. అడక్కముందే సాయం చేసే గుణం అతనిది. పార పట్టుకుని మా కప్పెక్కాడు. నేను వంటింట్లో అతని కోసం కాఫీ కలుపుతున్నాను. నెత్తి మీద పటేలుమని చప్పుడు. ఆ వెంటనే, "అమ్మో" అన్న కేక.

నేను అటకలోకి ఎలా ఎక్కానో నాకు తెలీదు. ఎక్కి చూద్దును కదా, గోడ పక్కన కప్పులోంచి డఫీ బూటొకటి లోపలికి వచ్చి ఉంది. చుట్టూ చెక్క కాఫీపొడి రంగులో చితికిపోయింది. కానీ బూటు అక్కడే ఆగింది. దాని కింద, వాసానికీ వాసానికీ మధ్య అడ్డంగా కొట్టిన తెల్లటి కొత్త చెక్క ఒకటి ఉంది. డఫీ బరువంతా దాని మీదే ఉంది.

"లోరెట్టా, నేను చచ్చానా?" అని పైనుంచి అరిచాడు.

"చావలేదు. కదలకు."

"కాలు దేని మీదో ఆనుకుంది. దేని మీద?"

నేను టార్చి వెలిగించాను. ఒకటి కాదు. గోడ పొడుగునా, చూరు నుంచి కొప్పు దాకా, రెండడుగుల ముక్కలు వరుసగా దిగ్గొట్టి ఉన్నాయి. ప్రతిదాని మీదా పెన్సిల్ రాత. వడ్రంగులు కొలతలు రాసుకునే పెద్ద పెద్ద అక్షరాలు. "అక్టోబరు 6. కొంచెట్టా పుట్టినరోజు. సూపు చల్లారింది, తప్పు నాదే." "మే 14. రోజీ బాప్తిస్మం. ఫాదర్ గారికి క్షమాపణలు." "జూన్ 20. ఊరికే కాఫీ. చాలా ఉక్క." అక్కడే మోకాళ్ళ మీద కూలబడి లెక్కపెట్టాను. నలభై ఒకటి. పైకెక్కేటప్పుడు లావు, దిగేటప్పుడు సన్నం. కోటు కింద చెక్కలు మోసుకొచ్చి, మా విందుల చాటున, మా వెక్కిరింతల కింద కూర్చుని మా నెత్తి మీది కప్పు నిలబెట్టారా పెద్దాయన. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పైనుంచి డఫీ "నా కాలు, నా కాలు" అంటూనే ఉన్నాడు.

డఫీని దించాక, చీలమండకి కట్టు కట్టించాక, సరాసరి ఇరవై రెండో నంబరుకి వెళ్ళాను. తలుపు తీశారు. కోటు లేకుండా ఆయన్ని చూడ్డం అదే మొదలు. పిచ్చుకంత మనిషి.

"మాజుర్ గారూ, మీ అటక ఒక్కసారి చూడొచ్చా?"

ఆయన మొహం పాలిపోయింది. "ఎందుకమ్మాయ్? అక్కడేం లేదు."

నిజంగానే ఏమీ లేదు. ఒక్క ఆసరా చెక్క కూడా లేదు. నేను వేలితో నొక్కితే కప్పు చెక్క పొరలు పొరలుగా నా అరచేతిలోకి రాలింది. వరుస మొత్తంలో అంతకన్నా పాడైన కప్పు నేను చూడలేదు.

"ఇదేంటండీ? మీ ఇంటికి మీరెందుకు కొట్టుకోలేదు?"

"ముసలాళ్ళున్న ఇళ్ళు ముందు. పిల్లలున్నవి తర్వాత. ఇంకా పదకొండున్నాయి. నాది చివర్లో చూద్దామని." నేల చూస్తూ అన్నారు. "ఎనభై రెండులో ఈ వరుస కప్పులన్నీ కొట్టింది నా చేతులేనమ్మా. మేస్త్రీగా నేనే ఉన్నాను. చెక్క పలకలు ఇచ్చారు, మంచివన్నారు, కొట్టాను. నాకు తెలీదు. కానీ మేకులు నావి కదా."

ఆయన చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డాను.

గురువారం సాయంత్రం కమిటీ కూర్చుంది. ఆదివారం రాత్రికి ఇంకా పెద్ద మంచు అని రేడియోలో చెప్తున్నారు. కప్పులన్నీ మార్చాలని ఒక్క నిమిషంలో తేలిపోయింది, కానీ ఆ పని వసంతంలో గానీ అవదు. క్రాట్జ్ గారు నిబంధనల పుస్తకం తెరిచారు. "పదిహేడో నిబంధన మార్చాలంటే ముప్ఫై రోజుల ముందు నోటీసివ్వాలి. మేకు కొట్టడానికి ఈలోపు నేను అనుమతివ్వలేను. చట్టం చట్టమే."

ఫిలోమెనా గారు లేచింది. "అధ్యక్షులుగారూ, ఒకరింటికి ఒకరు భోజనానికి వెళ్ళడానికి నోటీసివ్వాలా?"

"అక్కర్లేదు."

"భోజనానికెళ్ళినవాళ్ళు అటక చూస్తామంటే?"

క్రాట్జ్ గారు పుస్తకంలో చాలాసేపు వెతికారు. "...దాని గురించి ఏమీ రాయలేదు."

"అయితే సరే. ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనాలకెళ్తున్నాం. మొదటి బంతి మాజుర్ గారింట్లో."

ఆదివారం పన్నెండు గంటలకి ఆల్డర్ కోర్టుని మీరు చూసి ఉండాల్సింది. వీధి పొడుగునా మడమల దాకా కోట్లు. ఆడా మగా అందరూ ఒక్క పూటలో లావెక్కిపోయారు. మోకాళ్ళు వంచలేక కర్రల్లా నడుస్తున్నారు. డఫీ ఒక కాలికి కట్టుతో, చంకలో కర్రతో, కోటు కింద ఎనిమిది ముక్కలతో కుంటుకుంటూ వచ్చాడు. "తొంభై రెండే" అని దారిలో కనబడ్డవాళ్ళకల్లా చెప్పాడు.

మాజుర్ గారు తలుపు తీశారు. ఒక్కొక్కరూ గుమ్మంలో ఆగి, టోపీ తీసి, పైకప్పు వైపు చూసి అడిగారు.

"మీ అటక ఒక్కసారి చూడొచ్చా?"

"మీ అటక ఒక్కసారి చూడొచ్చా అండీ?"

మూడో మనిషి వచ్చేసరికి ఆయన చేత్తో నిచ్చెన వైపు చూపించడం మొదలుపెట్టారు. అందరికన్నా చివర్న వాన కోటు వేసుకుని క్రాట్జ్ గారు వచ్చారు. కాలరు లోంచి చెక్క కొస ఒకటి చెవి దాకా పొడుచుకొచ్చి ఉంది. "నేను కేవలం చూడ్డానికొచ్చాను. ఇది సభా వివరాల్లో రాయకు లోరెట్టా" అని నా వైపు ఉరిమి చూసి నిచ్చెనెక్కారు.

మాజుర్ గారు కోటు కోసం చెయ్యి చాచారు. అమ్మ దాన్ని లాక్కుని తలుపు వెనక తగిలించేసింది. ఆయన్ని బల్ల ముందు కూర్చోబెట్టి, పొగలు కక్కే బీన్స్ సూపు ముందు పెట్టింది. పైన టకటకలు మొదలయ్యాయి. ఇంటి పింగాణీ అంతా గలగలలాడుతోంది.

ఆయన చెంచా ఎత్తారు, నోటి దాకా తీసుకెళ్ళారు, ఆపేశారు. తల ఒక పక్కకి వంచి విన్నారు.

"కుడి వైపు. మూడో మేకు వంకరగా దిగింది."

"అది క్రాట్జ్ గారే అయ్యుంటారు," అన్నాను.

"పీకి మళ్ళీ కొట్టాలి. ఒక్క నిమిషం చూసొస్తానమ్మా..."

అమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. "కూర్చోండి. అది వాళ్ళు చూసుకుంటారు. వేడి మీద తాగండి."

ఆయన కూర్చున్నారు. తాగారు. పైన ఎవరో వంకర మేకు పీకుతున్న చప్పుడు వినబడింది. మాజుర్ గారు తలూపి, గిన్నె ముందుకి తోసి, ఇంకాస్త పొయ్యమన్నారు.